నీలం స్టీరియోను నారింజకు మార్చుడు: ప్రాజెక్టు డైరీ

పని పెట్టుకున్న సెట్టు ఒక 1-డిన్ (ఒంటి అర సైజు) కారు స్టీరియో. ముఖం కొలత 178 × 50 మి.మీ., సీడీ, యూఎస్‌బీ రెండూ ఉన్నయి, ముందు ప్యానెల్ ఊడి చేతికొచ్చే రకం. బటన్లు, వాల్యూమ్ నాబు, డిస్‌ప్లే మూడింటి వెలుగూ ముదురు నీలం. కారు మీటర్లేమో నారింజ. పగటిపూట ఈ తేడా ఎవలికీ పట్టదు. రాత్రి ములుగు దాటి తాడ్వాయి అడవి తొవ్వ పట్టినంకనే తెలుస్తది. బయట ఒక్క వీధిదీపం ఉండదు, లోపల నీలం వెలుగు కంటి కొసన గుచ్చుకుంటనే ఉంటది.

ఇది ఉత్త అనిపించుడు కాదు. చీకట్ల పనిచేసే కంటి కణాలకు 500 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగు బాగా తాకుతది. నీలం ఎల్‌ఈడీ 465–470 దగ్గర ఉంటది, నారింజ 605 దగ్గర. చీకటికి అలవాటుపడ్డ చూపును నీలం తొందరగ చెడగొడతది, నారింజ అంతగ కదిలించదు. పైగా కంటి కటకం నీలం వెలుగును రెటీనా కంటే కొంచెం ముందే నిలుపుతది కాబట్టి నీలం అక్షరాల అంచులు ఎప్పుడూ జర మసకగనే కనబడతయి. చాలామంది నారింజ తీసేసి నీలమో తెలుపో పెట్టుకుంటరు. ఇక్కడ పని ఉల్టా, నీలం నుంచి నారింజకు. రెండు దిక్కులకూ లెక్క వేరు, అది మూడో రోజు దగ్గర రాసినం.

మొదటి రోజు: విప్పకముందు

స్క్రూడ్రైవర్ పట్టకముందే డిస్‌ప్లే ఏ రకమో తేల్చుకోవాలె. అక్షరాలు పచ్చ-నీలం కలిసిన రంగుల తమంతట తామే మెరుస్తూ, పక్కకు జరిగి చూసినా అంతే స్పష్టంగ ఉంటే అది వీఎఫ్‌డీ. గాలి తీసేసిన అద్దపు డబ్బా లాంటిది. దాని వెనక బ్యాక్‌లైట్ అంటూ ఉండదు, ఆ రంగు లోపల మెరిసే పూత (ఫాస్ఫర్)ది. దాని ముందు రంగు ఫిల్టరు పెట్టుకోవచ్చు, అంతకు మించి చేసేది లేదు. ఇక టచ్‌స్క్రీన్ సెట్లకు తెర వెనక తెల్ల వెలుగే ఉండాలె. వాటిల్ల మార్చేది పక్క బటన్ల రంగు ఒక్కటే, అది చాలా సెట్లల్ల సెట్టింగుల్లనే మారుతది. సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టకముందు ఆ మెనూ అంతా ఒకసారి తిరగెయ్యాలె.

మన సెట్టుది నల్ల నేల మీద అక్షరాలు వెలిగే ఎల్‌సీడీ. అంటే వెనక ఏ రంగు వెలిగిస్తే అక్షరం ఆ రంగు. మధ్యల రంగు కాయితం లేకపోతేనే ఈ మాట నిజం.

బటన్లకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. సెట్టు బందు పెట్టి పగటి వెలుతురుల బటన్ మీది అక్షరం చూడాలె. పాల తెలుపు ఉంటే ఏ రంగు ఎల్‌ఈడీ పెట్టినా అదే రంగు బయటికొస్తది. అక్షరానికే నీలి ఛాయ ఉంటే బటన్ లోపల రంగు పూత ఉన్నట్టు. నీలి పూత లోంచి నారింజ వెలుగు దాదాపు రాదు, వచ్చిందేదో బురద రంగుల ఉంటది. ఇక్కడ అన్నీ తెల్లగనే అనిపించినయి. రెండు బటన్ల దగ్గర ఆ చూపు తప్పింది, తర్వాత తెలిసింది.

కారు నుంచి తీసుడు పెద్ద పని కాదు. కంపెనీతోని వచ్చిన సెట్టయితే బ్యాటరీ వైరు తీసినంక సెక్యూరిటీ కోడ్ అడగొచ్చు, ఆ కోడ్ చేతుల ఉన్నదో లేదో ముందు చూసుకోవాలె. తర్వాత 10 మి.మీ. స్పానర్‌తోని బ్యాటరీ నెగటివ్ తీసి, రెండు పక్కల చీలికల్ల సెట్టు తీసే రేకు తాళంచెవులు దూర్చితే సెట్టు జరిగి ముందుకొస్తది. వెనక ప్లగ్గును ప్లగ్గు పట్టుకొనే లాగాలె, వైర్లు పట్టి గుంజొద్దు. ఏరియల్ వైరు కూడా అంతే.

టేబుల్ మీద నడిపించనీకి సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల 2 యాంపుల అడాప్టర్ చాలు. పసుపు (ఎప్పుడూ ఉండే 12 వోల్టులు), ఎరుపు (తాళం తిప్పితే వచ్చేది) రెండూ కలిపి ప్లస్‌కు, నలుపు మైనస్‌కు. ప్లస్ వైరుల ఒక 2 యాంపుల ఫ్యూజు వెయ్యాలె. నారింజ వైరుకు మాత్రం విడిగ ఒక స్విచ్ పెట్టాలె. కారు లైట్లు వేసినప్పుడు వెలుగు తగ్గించుమని సెట్టుకు చెప్పేది ఆ వైరే. ఐఎస్ఓ (ప్రామాణిక) ప్లగ్గు ఉన్న సెట్టయితే దాని ‘A’ అనే బ్లాకుల 4వ పిన్ను ఎప్పుడూ ఉండే కరెంటు, 7 తాళం కరెంటు, 6 లైటు, 8 నెగటివ్. కొన్ని కార్లల్ల 4, 7 అటుఇటు అయి ఉంటయి కాబట్టి మల్టీమీటరుతోని (కరెంటు కొలిచే మీటరు) చూసే కలపాలె.

తెలుపు, బూడిద, పచ్చ, వంగపండు రంగు వైర్ల జతలు స్పీకర్లవి. ఒక్కోదాని కొసకు విడివిడిగ టేపు చుట్టాలె. స్పీకరు రెండు కొసలనూ లోపలి యాంప్లిఫయర్ ఐసీనే నడిపిస్తది, ఏదీ నెగటివ్ కాదు. ఒక కొస పోయి సెట్టు రేకుకు తాకితే ఐసీ పోయే ప్రమాదం ఉన్నది. రంగు మార్చబోయి సౌండు పోగొట్టుకునేది ఎక్కువగ ఈ కాడనే.

రెండో రోజు: విప్పుడు, పటం గీసుడు

పనంతట్ల ఎక్కువ ఓపిక అడిగిన రోజు ఇది.

నాబు ముందుకు సీదా లాగితే వస్తది, పక్కకు వంచితే లోపలి ఎన్‌కోడర్ (తిప్పుడును పసిగట్టే ముక్క) ఇరుగుతది. ప్యానెల్ వెనక 4 చిన్న స్క్రూలు, ఫిలిప్స్ 0 నంబరు. స్క్రూలు తీసినంక చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు ఉంటయి. పాత ఏటీఎం కార్డు మూల పెట్టి ఒక్కో కొక్కెం వదిలించుకుంట పోవాలె. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే అంచుకు పడ్డ గాటు ఎప్పటికీ కనబడతది. ముఖం విడిపోంగనే రబ్బరు కీప్యాడ్ చేతికొస్తది. దాని వెనక ఉన్న నల్ల చుక్కలు కార్బన్‌వి, వేలు తాకొద్దు. బోర్డు మీద వాటికి ఎదురుగ ఉన్న మెలిక గీతలనూ తాకొద్దు. చేతి నూనె అంటితే నెలకో రెండు నెలలకో ఆ బటన్ రెండుసార్లు ఒత్తితేగాని పలకదు.

ఫ్యాను బందు పెట్టి చెయ్యాలె. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్ల గాలిల నూగు మస్తు ఉంటది. ఒక్క పోగు ఎల్‌సీడీ కింద చిక్కినా వెలుగు పడంగనే మెరిసే గీతయి కూర్చుంటది, మళ్ల మొత్తం విప్పాల్సిందే.

బోర్డును నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీసి, ఒక పెద్ద కాయితం మీద ఎల్‌ఈడీల పటం గీసినం. లెక్క తేలింది ఇట్ల: బటన్ల కింద 10, నాబు చుట్టూ 2, ఎల్‌సీడీ అంచుల 4, మొత్తం 16. అన్నీ 3528 సైజువే, అంటే 3.5 × 2.8 మి.మీ. ఇవిగాక ప్యానెల్ తీసినప్పుడు మిణుకుమనే ఒక ఎర్ర ఎల్‌ఈడీ ఉన్నది, దాన్ని ముట్టలేదు.

3528 ఎల్‌ఈడీకి ఒక మూల కోసినట్టు ఉంటది, ఎక్కువ వాటికి అదే నెగటివ్ దిక్కు. ఈ బోర్డుల సగం ఎల్‌ఈడీలు ఎడమకు, సగం కుడికి తిరిగి ఉన్నయి. పటంల ఆ మూలను తప్పకుండ గుర్తు పెట్టుకోవాలె. తీసేసినంక బోర్డు మీద ముద్ర లేకపోతే చెప్పేటోళ్లు ఎవలూ ఉండరు.

తర్వాత మీటరు పెట్టి ఏ ఎల్‌ఈడీ దేనితోని కలిసిందో వెతికినం. రెండు రెండు ఎల్‌ఈడీలు వరుసగ, ఒక్కో జతకు కరెంటును అదుపుల పెట్టే ఒక రెసిస్టర్, దాని మీద 221 అని ఉన్నది, అంటే 220 ఓములు. ఇట్లాంటి జతలు 8.

ఇప్పుడు వోల్టేజీ. ఇది నారింజ వైరుకు కరెంటు ఇవ్వకుండ, వెలుగు పూర్తిగ ఉన్నప్పుడే కొలవాలె. వెలుగు తగ్గించిన స్థితిల చాలా సెట్లు ఎల్‌ఈడీలను సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తయి. మీటరు అప్పుడు సగటు చూపిస్తది, ఆ అంకె పట్టుకొని లెక్క వేస్తే అంతా తప్పుతది. పూర్తి వెలుగుల కొలిస్తే వచ్చినవి: జతకు అందేది 8.5 వోల్టులు, ఒక్కో నీలం ఎల్‌ఈడీ మీద 3.1, రెసిస్టర్ మీద 2.3. 2.3ను 220తోని భాగిస్తే 10.5 మిల్లీయాంపులు. ఎనిమిది జతలకు 84.

ఈ 8.5 వోల్టులు సెట్టు లోపలి రెగ్యులేటర్ ఇచ్చేవి, ఇంజన్ నడిచినా ఆగినా మారవు. కొన్ని చవక సెట్లల్ల ఎల్‌ఈడీలకు నేరుగ బ్యాటరీ కరెంటే పోతది. అట్లాంటప్పుడు 12తోని కాదు, ఇంజన్ నడిచేటప్పుడు వచ్చే 14.4తోని లెక్క వెయ్యాలె.

మూడో రోజు: లెక్క, సామాను

నారింజ ఎల్‌ఈడీ మీద పడేది సుమారు 2.0 వోల్టులే. జతకు 4.0. మిగిలిన 4.5 వోల్టులు పాత 220 ఓముల మీద పడితే కరెంటు 20.5 మిల్లీయాంపులు, ముందటికంటే రెట్టింపు. ఆ రెసిస్టర్ల సైజు 0603 అనే చిన్న రకం, తట్టుకునేది 100 మిల్లీవాట్లు. 4.5ను 20.5తోని గుణిస్తే 92. అంచు మీద నిలబడ్డట్టే. ఎనిమిది జతలకు కలిపి 164 మిల్లీయాంపులు. వీటన్నిటిని వెలిగించే ట్రాన్సిస్టర్ మిరియపు గింజంత కూడా ఉండదు, మే నెల ఎండల డాష్‌బోర్డుల కూర్చొని రెట్టింపు భారం మొయ్యాలె. ఎల్‌ఈడీలు మార్చి రెసిస్టర్లు అట్లనే ఉంచితే మొదటిరోజు మంచిగనే వెలుగుతది, అదే మోసం. వేసవిల ఒకరోజు మొత్తం ముఖం చీకటైతది.

470 ఓములు వేస్తే 9.6 మిల్లీయాంపులు, 680 వేస్తే 6.6. రెండు రకాలూ తెచ్చుకున్నం. మనిషి కన్ను పగటి వెలుగుల నీలం కంటే నారింజను చాలా ఎక్కువ పట్టుకుంటది కాబట్టి, అంతే కరెంటుకు నారింజ ఎక్కువ వెలుగుతున్నట్టు కనబడతది. ఎంత తగ్గించాలెనో ఒక జత పెట్టి చూస్తేనే తెలుస్తది.

ఎదురు దిక్కుకు పోయేటోళ్ల కోసం: నారింజ, ఎరుపు, లేత పచ్చ సెట్లల్ల మూడేసి ఎల్‌ఈడీలు వరుసగ ఉండుడు మామూలే. 3 × 2.0 = 6.0, మిగిలిన 2.5 రెసిస్టర్‌కు. వాటి జాగల తెలుపో నీలమో పెడితే 3 × 3.0 = 9.0 కావాలె, ఉన్నది 8.5. అసలు వెలగవు, లేకపోతే దయ్యపు వెలుగు లెక్క మిణుకుతయి. ఎల్‌ఈడీలు పాడైనయని షాపోళ్ల మీదికి పోతరు గాని తప్పు లెక్కది. రెసిస్టర్ తగ్గించినా లాభం లేదు. బోర్డు మీది రాగి గీత కోసి, సన్నపు వైరు వేసి, రెండు రెండుగ విడగొట్టాలె. రెండు తెల్లవాటికి 6.0 పోతే 2.5 మిగులుతది, 270 ఓములకు 9.3 మిల్లీయాంపులు వస్తది. అసలైన ముదురు పచ్చకు (525 నానోమీటర్లు) కూడా 3 వోల్టుల పైనే కావాలె, లేత పచ్చకు (570) మాత్రం 2 చాలు. రెండింటినీ ‘గ్రీన్’ అనే అమ్ముతరు, మీటరు పెట్టి చూసి కొనాలె.

వరంగల్, హనుమకొండ టీవీ రిపేరు షాపుల్ల పొడుగు కాళ్ల 5 మి.మీ. ఎల్‌ఈడీలు ఎక్కడైనా దొరుకుతయి. 3528ల రంగు ఎంచుకొని తీసుకోవాలంటే హైదరాబాద్ కోఠిల గుజరాతీ గల్లీకి పోవాలె, లేదా ఆన్‌లైన్ల తెప్పించుకోవాలె. 16 కావాలంటే 25 కొనాలె, అన్నీ ఒకే రీలు నుంచి కోయించుకోవాలె. ‘ఆంబర్’ పేరు మీద 590 పసుపు ఇస్తరు, 605 నారింజ ఇస్తరు, 615 ఎర్రఛాయదీ ఇస్తరు. విడిగ చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తయి, పక్కపక్క బటన్ల కింద పెట్టినంక దేనికదే బయటపడతది. కారు డెకరేషన్ షాపుల ఎల్‌ఈడీ పట్టీ కోసి వాడుకునేటోళ్లు ఒక్కటి చూసుకోవాలె: కొన్ని పసుపు పట్టీల్ల లోపల ఉండేది నీలం చిప్పే, మీద పసుపు పూత. దాని మీద వోల్టేజీ కొలిస్తే 3 వస్తది, 2 రాదు. పైన వేసిన లెక్క దానికి పనిచెయ్యదు.

ఇంకా కావాల్సినవి: 0.5 మి.మీ. 63/37 సీసం (తగరం, సీసం కలిసిన సోల్డర్ తీగ; సోల్డర్‌నే ఇక్కడ సీసం అంటున్నం), ఫ్లక్స్ (సీసం మంచిగ పట్టేటట్టు చేసేది), 2 మి.మీ. సోల్డర్ విక్ (పాత సీసం పీల్చే రాగి అల్లిక), కాప్టాన్ టేపు (వేడి తట్టుకునేది), వంకర ముక్కు ట్వీజర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాని గుడ్డ, భూతద్దం. వేడి తిప్పుకునే సోల్డరింగ్ ఐరన్ తప్పదు. మామూలు 25 వాట్లదానితోని కూడా చేస్తరు గాని దాని మొన వేడి ఎంతుందో ఎవలికీ తెల్వదు, 3528ల ప్లాస్టిక్ మాత్రం తట్టుకోదు.

ఎల్‌ఈడీలను పెట్టకముందు ఒక్కోదాన్ని వెలిగించి చూడాలె. చవక మీటర్ల డయోడ్ పరీక్షల ఎరుపు, నారింజ వెలుగుతయి, తెలుపు, నీలం చాలాసార్లు వెలగవు. 9 వోల్టుల బ్యాటరీకి 1000 ఓముల రెసిస్టర్ వరుసగ కట్టి దాంతోని చూస్తే ఏ రంగైనా తేలుతది. కరెంటు 6, 7 మిల్లీయాంపులు దాటదు.

నాలుగో రోజు: బటన్లు

మొదలు, ఎల్‌సీడీ మీద, కీప్యాడ్ మెలిక గీతల మీద, ప్యానెల్ వెనక బంగారు పిన్నుల మీద కాప్టాన్ టేపు. ఫ్లక్స్ చిమ్మి మెలిక గీతల మీద పడితే తర్వాత ఎంత తుడిచినా ఆ బటన్ మొండికేస్తది.

కంపెనీ వేసిన సీసం కరగనీకి 217 డిగ్రీలు దాటాలె. మన 63/37 సీసం 183కే కరుగుతది. అందుకని పాత అతుకు మీద కొత్త సీసం జర కలిపితే మొత్తం తక్కువ వేడికే వదులుతది. ఐరన్ 330 డిగ్రీలు. రెండు కొసలకూ సీసం నిండుగ పెట్టి, అటు ఒక క్షణం ఇటు ఒక క్షణం మార్చి మార్చి తాకిస్తే ఎల్‌ఈడీ జారుతది. తీసేదాన్ని కాపాడే పని లేదు, కాపాడాల్సింది కింది రాగి పట్టీని. జారకముందే ట్వీజర్లతోని ఎత్తితే పట్టీ దానితోనే లేస్తది. ఒక చోట లేవనే లేచింది, నాబు దగ్గర. గీతను భూతద్దంతోని వెతికి, దాని మీది పచ్చ పూత బ్లేడుతోని 2 మి.మీ. గీకి, 0.2 మి.మీ. ఎనామెల్ వైరు కొస కాల్చి అతికినం. చుట్టుపక్కల ప్లాస్టిక్ ఉన్నది కాబట్టి వేడిగాలి గన్ను వాడలేదు.

పాత సీసం విక్‌తోని తీసి, ఆల్కహాల్‌తోని తుడిచి, ఒక పట్టీ మీద మాత్రం చిన్న బొట్టు పెట్టాలె. ఎల్‌ఈడీని ట్వీజర్లతోని పట్టి ఆ బొట్టు కరిగించి కూర్చోబెట్టాలె. సీదాగ ఉన్నదో లేదో చూసి అప్పుడు రెండో కొస. ఒక్కో కొసకు 3 సెకన్లు దాటొద్దు. దాటితే తెల్ల ప్లాస్టిక్ పసుపు పడతది, లోపలి సన్నపు తీగ తెగుతది. అది వెంటనే ఆరిపోదు, వేడెక్కినప్పుడు ఆరి చల్లారినంక వెలిగే రోగం తెచ్చుకుంటది. చలికాలపు పొడిగాలిల పనిచేసేటోళ్లు చేతిని ఒకసారి భూమికి కలిసిన లోహానికి తాకించి మొదలుపెట్టాలె. స్థిర విద్యుత్తుకు నారింజ కొంత ఓర్చుకుంటది, నీలం, తెలుపు చిప్పులు చాలా సున్నితం.

ముందు ఒకే జత మార్చి, 470 వేసి, గది చీకటి చేసి చూసినం. పక్కన పెట్టుకున్న కారు మీటర్ల ఫోటో వెలుగుతోని పోలిస్తే ఎక్కువ, అక్షరాల అంచుల నుంచి వెలుగు కారుతున్నది. 680 వేస్తే కుదిరింది. మిగతా బటన్ జతలు నాలుగు, నాబు జత ఒకటి అన్నింటికీ 680నే. ఒక్కో జత అయినంక కరెంటు ఇచ్చి చూసుకుంట పోవాలె. అన్నీ అయినంక చూద్దామనుకుంటే ఒక్కటి తిరగబడ్డా జత మొత్తం ఆరుతది, ఎక్కడ వెతకాలెనో తెల్వదు.

ఐదో రోజు: ఎల్‌సీడీ

ఇది వేరే తీరు పని. అద్దం ఒక రేకు చట్రంల ఉన్నది, చట్రం చెవులు బోర్డు వెనక మెలి తిప్పి ఉన్నయి. మొత్తం 6. నోస్ ప్లయర్‌తోని సీదా తిప్పాలె. ఒక చెవి రెండుసార్లు తిప్పుడు తట్టుకుంటది, మూడోసారి ఇరుగుతది. అంటే విప్పేది ఒకసారి, బిగించేది ఒకసారి, అంతే. అందుకే ఈ పని చివరికి పెట్టినం.

చట్రం కింద అద్దం, దాని కింద పాల రంగు పొర, ఆ కింద వెలుగు మోసే అక్రిలిక్ పలక, అడుగున తెల్ల కాయితం. ఏది మీద ఏది, ఏ దిక్కు పైకి అన్నది ఫోటో తీసి పెట్టుకోవాలె. పొర ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగ ఉంటది, తిరగేస్తే నడుమ మచ్చ కనబడతది. ఈ సెట్టుల రంగు కాయితం లేదు. ఉంటే అది తీసి, దాని జాగల అదే మందం ఉన్న తెల్ల ట్రేసింగ్ పేపరు పెట్టాలె. మందం తగ్గితే అద్దం మీద ఒత్తిడి తగ్గి కాంటాక్టు పోతది.

అద్దానికీ బోర్డుకూ నడుమ ఉండేది జీబ్రా స్ట్రిప్, బోర్డు నుంచి అద్దానికి కరెంటు మోసే నలుపు తెలుపు గీతల రబ్బరు. దాని మీద వేలు పడకూడదు, చివర్లు పట్టుకొనే ఎత్తాలె. బోర్డు మీద అది కూర్చునే పట్టీలను, అద్దం అంచును ఆల్కహాల్ తడి గుడ్డతోని ఒకే దిక్కుకు తుడవాలె. అద్దం ముందు వెనకల ఉన్న పోలరైజర్ పొరల మీద ఏ ద్రావకమూ పడొద్దు, మచ్చ పోదు. కొన్ని సెట్లల్ల రబ్బరు బదులు వేడితోని అతికిన సన్నపు రిబ్బన్ ఉంటది. దాన్ని లేపితే ఇంట్ల మళ్ల అతుకదు, అట్లాంటి సెట్టుకు అద్దాన్ని ముట్టకుండ పక్క నుంచే ఎల్‌ఈడీలు మార్చే దారి వెతకాలె.

నాలుగు ఎల్‌ఈడీలు, ఈ రెండు జతలకు 470 ఓములు. నల్ల నేల ఎల్‌సీడీ సగానికి పైగా వెలుగు తనే మింగుతది, అందుకే బటన్ల కంటే ఎక్కువ కరెంటు. ఎల్‌ఈడీ ముఖం అక్రిలిక్ పలక అంచుకు సరిగ్గ ఎదురుగ ఉండాలె, అర మిల్లీమీటరు వాలినా ఆ మూల చీకటి పడతది.

చట్రం పెట్టి చెవులు సగం తిప్పినంక చూస్తే డిస్‌ప్లే ఎడమ చివర రెండు గీతలు కనబడలేదు. జీబ్రా ఒక వెంట్రుకంత పక్కకు జరిగింది. చెవులు మళ్ల విప్పకుండ, చట్రం మీద గుడ్డ పెట్టి బొటనవేలుతోని ఎడమకు నెట్టి ఒత్తితే వచ్చినయి. వచ్చినంకనే చెవులు పూర్తిగ మెలి తిప్పినం. సగం తిప్పి పరీక్ష చేసుకోవాలని చెప్పేది ఇందుకే.

ఆరో రోజు: చీకటి గదిల సరిచూసుడు

అన్నీ వెలిగినయి. రెండు బటన్లు మాత్రం, సోర్స్, బ్యాండ్, మిగతావాటి పక్కన మట్టిరంగుల ఉన్నయి. తీసి వెనక చూస్తే అక్షరం మీద లేత నీలి పూత. ముందు నుంచి తెల్లగ కనబడేంత పలుచన. ఆల్కహాల్ దూదిపుల్లతోని ఒక మూల రుద్దితే పూత కొంచెం వదిలింది, దాంతోపాటు అంచున నలుపు కూడా లేవబట్టింది. అక్కడనే ఆపినం. నలుపు పోతే అక్షరం ఆకారమే పోతది. దాని బదులు ఆ రెండు బటన్ల కింది జతకు 680 తీసి 330 వేసినం, 13.6 మిల్లీయాంపులు. రెసిస్టర్ మీద 61 మిల్లీవాట్లు, పర్వాలేదు. వెలుగు మిగతావాటితోని సమానమైంది. రంగు పరీక్ష పెట్టి చూస్తే ఒక వెంట్రుకవాసి తేడా ఉన్నది, సీట్ల కూర్చొని చూస్తే లేదు.

ఇప్పుడు మొత్తం లెక్క: బటన్లు నాలుగు జతలు 26.4, ఈ జత 13.6, నాబు 6.6, ఎల్‌సీడీ రెండు జతలు 19.2. అన్నీ కలిపి 66 మిల్లీయాంపుల లోపే. ముందటి 84 కంటే తక్కువ, ట్రాన్సిస్టర్‌కు భయం లేదు.

నాబు పక్కన సందుల నుంచి వెలుగు కారుతుంటే బోర్డు మీద నల్ల కాప్టాన్ ముక్క సరిపోయింది. ఇట్లాంటి చోట్ల వేడి జిగురు పెట్టొద్దు. ఎండల మూసి ఉన్న కారుల డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతది, జిగురు మెత్తబడి జారి బటన్ కిందికి చేరుతది. మామూలు కరెంటు టేపు కూడా అంతే, జిడ్డు వదులుతది.

నారింజ వైరు స్విచ్ వేసి తగ్గించిన వెలుగుల కూడా చూసినం. ఏ జతా ముందుగ ఆరలేదు, అన్నీ ఒకేతీరుగ తగ్గినయి. ఫోన్ కెమెరాల చూస్తే చారలు పారుతయి, అది ఆర్పి వెలిగించే పద్ధతి వల్ల, లోపం కాదు.

కారుల బిగించేటప్పుడు ప్యానెల్ వెనక పిన్నులను ఆల్కహాల్‌తోని తుడిచి పెట్టాలె. స్టేషన్లు పోతయి కాబట్టి మళ్ల పెట్టుకోవాలె.

పదిహేనో రోజు: ఎండ తర్వాత

హనుమకొండల 43 డిగ్రీల ఎండల కారు మధ్యాహ్నమంతా నిలబడ్డది. పొద్దుమీకి లైట్లు వేస్తే స్టీరియో మొత్తం ముందటి వారంకంటే డల్లుగ ఉన్నది. జతలన్నీ ఒకేతీరుగ తగ్గినయి కాబట్టి అతుకు పోయిన సమస్య కాదు. నారింజ, ఎరుపు చిప్పులు వేడెక్కితే వెలుగు బాగా తగ్గిస్తయి, నీలం, తెలుపు అంతగ తగ్గవు. ఏసీ వేసి ఇరవై నిమిషాలు నడిచినంక మామూలు వెలుగుకు వచ్చింది. దీని కోసం రెసిస్టర్ తగ్గించొద్దు. తగ్గిస్తే చల్లని రాత్రి అడవి తొవ్వల మళ్ల కంటికి కొడతది, ఎండల చిప్పు ఇంకా వేడెక్కుతది. 680, 470 అట్లనే ఉంచినం. సోర్స్ బటన్ దగ్గరి 330 మాత్రం వేసవి దాటేదాంక నెలకోసారి చూడాల్సి ఉన్నది, ఆ జత ఒక్కటే మిగతావాటి కంటే ముందు మసకబారితే దానికి 390 వేస్తం.